రాజరాజ నరేంద్రుని బంగారు వరహా

బంగారు నాణేన్ని మన పెద్దలు వరహా అనేవారు. వరాహం గుర్తు వల్ల వచ్చిన పేరది. ఆ గుర్తు వేంగి చాళుక్యుల రాజలాంఛనం. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు ఆ ముద్రతోనే నాణేలు వేయించాడు.

తండ్రి విమలాదిత్యుడు, తల్లి రాజరాజ చోళుని కుమార్తె కుందవ్వ. మాతామహుని పేరే ఆయనకు పెట్టారు. తండ్రి అనంతరం సింహాసనం సులువుగా దక్కలేదు. సవతి తల్లి కొడుకు విజయాదిత్యుడు అడ్డు తగిలాడు. మేనమామ రాజేంద్ర చోళుని అండతో 1022లో పట్టాభిషేకం జరిగింది. మేనమామ కూతురు అమ్మంగదేవినే పెండ్లాడాడు. అయినా పోరు ఆగలేదు. కలిదిండి యుద్ధంలో ముగ్గురు చోళ సేనానులు నేలకొరిగారు. వారి స్మృతికి రాజు అక్కడ శివాలయాలు కట్టించాడు.

ఆయన నాణెం వెడల్పాటి పలుచని బంగారు రేకు. నడుమ వరాహం, చుట్టూ నాటి తెలుగు లిపిలో రాజు పేరు, ఏలుబడిలో ఎన్నో ఏడో ఆ లెక్క. అక్షరాలను విడివిడిగా ముద్ర కొట్టారు. ధవళేశ్వరంలో దొరికిన నిధిలో ఇవి చోళుల నాణేలతో కలిసి ఉన్నాయి. సముద్రం అవతల, నేటి మయన్మార్‌లోని అరకాన్ తీరంలోనూ బయటపడ్డాయి.

నన్నయ చేత భారతాన్ని తెనిగింపజేసింది ఈ రాజే. 1061లో ఆయన కన్నుమూయగానే వేంగి విజయాదిత్యుని వశమైంది. కుమారుడు మాత్రం 1070లో కులోత్తుంగుడనే పేరుతో చోళ సింహాసనమెక్కాడు.