రోల్ఫ్ సీవర్ట్
రోల్ఫ్ మాక్సిమిలియన్ సీవర్ట్ (మే 6, 1896 - అక్టోబరు 3, 1966) స్వీడన్ దేశానికి చెందిన వైద్య భౌతిక శాస్త్రవేత్త. స్టాక్‌హోంలో జన్మించాడు. తండ్రి కేబుళ్ళ కర్మాగారం స్థాపించిన సంపన్నుడు. సీవర్ట్ మాత్రం వ్యాపారం వైపు పోక, 1924 నుండి 1937 వరకు రేడియంహెమ్మెట్ అనే కాన్సర్ ఆసుపత్రిలో భౌతిక ప్రయోగశాలకు అధిపతిగా పనిచేశాడు.

ఆ రోజుల్లో రేడియం నింపిన సన్నని లోహపు గొట్టాలను కణితికి చేర్చి చికిత్స చేసేవారు. మోతాదు తగ్గితే కణితి మిగిలిపోయేది, మించితే పక్కనున్న మంచి కణజాలం కాలిపోయేది. బిందువంతటి మూలం నుండి దూరం రెట్టింపైతే వికిరణ తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కాని రేడియం గొట్టం బిందువు కాదు, గీత వంటిది. దాని సమీపంలో ఈ సూత్రం యథాతథంగా వర్తించదు. పైగా గొట్టం గోడ గుండా ఏటవాలుగా వచ్చే కిరణాలు, నిటారుగా వచ్చేవాటి కంటె ఎక్కువ మందం లోహాన్ని దాటవలసి రావడంతో మరింత క్షీణిస్తాయి. దూరాన్నీ, గోడ మందాన్నీ కలిపి తీవ్రతను లెక్కగట్టే పద్ధతిని సీవర్ట్ 1921లో ప్రచురించాడు. దీనినే సీవర్ట్ సమాకలని అంటారు. దీని విలువను సులభమైన సూత్రంతో రాబట్టలేము, అందువల్ల పట్టికలు వాడవలసి వచ్చేది.

తరువాత ఆయన దృష్టి రోగుల నుండి వికిరణంతో పనిచేసే సిబ్బంది రక్షణ వైపు మళ్ళింది. 1956 నుండి 1962 వరకు అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు.

మానవ శరీరంపై వికిరణ ప్రభావాన్ని తెలిపే ప్రమాణానికి 1979లో సీవర్ట్ అని పేరు పెట్టారు. ఒక సీవర్ట్ చాలా పెద్ద మోతాదు. కాబట్టి ఆసుపత్రులలో సాధారణంగా కనిపించేది అందులో వెయ్యో వంతైన మిల్లీసీవర్టే.