అరవై కోర్సుల విద్యార్థి



ఏప్రిల్ 14న మన బడికి సెలవు. ఎందుకు సెలవని అడిగితే ఆరో తరగతి పిల్లలు కూడా అంబేద్కర్ జయంతి అంటారు, ఆయన రాజ్యాంగం రాశారని చెబుతారు. ఇంకేం తెలుసని అడిగితే చాలామంది అక్కడే ఆగిపోతారు. పిల్లలే కాదు, పెద్దవాళ్లం కూడా.

ఇదే నెలలో మీలో చాలామంది ఇళ్లలో ఇంకో చర్చ నడుస్తూ ఉంటుంది. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఇంటర్‌లో ఏ గ్రూపు? ఎంపీసీనా, బైపీసీనా? మూడో మాట చాలా ఇళ్లలో వినపడదు.

నేను ఎనిమిది, తొమ్మిది తరగతులకు సోషల్ చెబుతాను. మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి తన కూతురి ప్రోగ్రెస్ కార్డు చూశారు. సోషల్‌లో క్లాసు ఫస్ట్. సంతోషించారు, వెంటనే ఆ మార్కులు మ్యాథ్స్‌లో వచ్చి ఉంటే బాగుండేదన్నారు. హిస్టరీ, ఎకనామిక్స్ చదివితే రేపు ఏమవుతారు మేడమ్ అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. వెనకాల ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. నేను ఏదో చెప్పి పంపించాను గానీ అది సరైన జవాబు కాదని నాకే తెలుసు. ఆ జవాబు కోసం వెతుకుతూ అంబేద్కర్ గారి జీవితాన్ని ఈసారి ఒక విద్యార్థి జీవితంగా చదివాను. అందులో నాకు దొరికింది మీతో పంచుకుంటున్నాను.

గోనెపట్టా మీద చదువు

భీమ్‌రావు 1891లో మధ్య భారతంలోని మౌ కంటోన్మెంట్‌లో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సైన్యంలో సుబేదార్, సైనికుల పిల్లల బడిలో పాఠాలు చెప్పినవాడు. తల్లి భీమాబాయి ఈ పిల్లవాడికి ఊహ తెలిసే వయసులోనే చనిపోయింది.

సతారాలో బడికి వెళ్లేటప్పుడు కూర్చోవడానికి ఇంటి నుంచే గోనెపట్టా తీసుకెళ్లాలి. మిగతా పిల్లల పక్కన కూర్చోనివ్వరు. దాహమైతే కుళాయి ముట్టుకోకూడదు. బడి ప్యూను వచ్చి పైనుంచి పోస్తే తాగాలి. ప్యూను రాని రోజు నీళ్లు లేవు. మీ పిల్లలు రోజూ బ్యాగు పక్కన పెట్టుకునే వాటర్ బాటిల్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి.

తర్వాత కుటుంబం బొంబాయి చేరింది. పరేల్ ప్రాంతంలో ఒకే గది ఇల్లు. అందులోనే వంట, పడక, చదువు. పరీక్షల రోజుల్లో తండ్రి కొడుకును తొందరగా పడుకోబెట్టి తెల్లవారుజామున రెండు గంటలకు లేపేవాడు. పుస్తకం కావాలంటే పెళ్లయిన కూతుళ్ల దగ్గర చేబదులు తెచ్చేవాడు. ఫీజు గడువు ముందు మీరు పడే ఇబ్బంది రామ్‌జీకి తెలుసు.

ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో ఆ పిల్లవాడు సంస్కృతం చదవాలనుకున్నాడు. కులం అడ్డొచ్చింది. బదులుగా పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. సంస్కృతం తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు. 1907లో మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. వచ్చిన మార్కులు 750కి 282. మన ప్రోగ్రెస్ కార్డులో అయితే ఆ మార్కుల పక్కన నేను ఎర్ర ఇంకుతో ఒక మాట రాసేదాన్ని. కానీ ఆయన సమాజంలో ఆ పరీక్ష గట్టెక్కడమే పెద్ద వార్త కావడంతో, ఊళ్లో సభ పెట్టి సన్మానించారు.

బరోడా మహారాజా ఇచ్చిన నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్‌తో కాలేజీ చదువు సాగింది. ఎకనామిక్స్, పాలిటిక్స్‌తో 1912లో బీఏ పూర్తయింది. మరుసటి ఫిబ్రవరిలో తండ్రి పోయారు.

న్యూయార్క్‌లో అరవై కోర్సులు

1913లో, 22 ఏళ్ల వయసులో, బరోడా సంస్థానం మూడేళ్ల స్కాలర్‌షిప్ ఇచ్చి ఆయనను అమెరికా పంపింది. తిరిగొచ్చాక పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలని షరతు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో చేరారు.

తల్లిదండ్రులుగా మీరు ముఖ్యంగా చూడాల్సింది ఇక్కడే. ఆయన ప్రధాన సబ్జెక్టు ఎకనామిక్స్. అందులో 29 కోర్సులు తీసుకున్నారు. అక్కడితో ఆగలేదు. హిస్టరీలో 11, సోషియాలజీలో 6, ఫిలాసఫీలో 5, ఆంత్రొపాలజీలో 4, పాలిటిక్స్‌లో 3, ప్రారంభ స్థాయి ఫ్రెంచ్, జర్మన్ ఒక్కొక్కటి. మొత్తం అరవై. చేతిలో ఉన్నది మూడేళ్ల గడువు, ఇంటికి కూడా పంపాల్సిన కొద్దిపాటి డబ్బు. త్వరగా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయే దారి ఆయనకూ ఉంది. కానీ ఆయన క్లాసు తర్వాత క్లాసు కూర్చున్నారు.

ప్రభుత్వ ఆదాయ వ్యయాల గురించి సెలిగ్‌మన్ దగ్గర, తత్వశాస్త్రం జాన్ డ్యూయీ దగ్గర నేర్చుకున్నారు. 1915లో ప్రాచీన భారత వాణిజ్యం మీద రాసి ఎంఏ పొందారు. అది ఎకనామిక్స్ డిగ్రీయే, కానీ విషయం చరిత్ర. 1916 మేలో గోల్డెన్‌వైజర్ నడిపే ఆంత్రొపాలజీ సెమినార్‌లో భారతదేశంలో కులాలు ఎలా పుట్టాయన్న దాని మీద వ్యాసం చదివారు. చిన్నప్పుడు ప్యూను రాని రోజున ఎదురైన ప్రశ్నకు ఆయన లైబ్రరీలో జవాబు వెతకడం మొదలుపెట్టారు.

అక్కడి నుంచి లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, లా చదువుకు గ్రేస్ ఇన్‌లోనూ చేరారు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు మధ్యలో వదిలి ఇండియాకు తిరిగి వచ్చారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. పుస్తకాలున్న సామాను వేరే ఓడలో వస్తూ ఉంటే ఆ ఓడ మునిగిపోయింది.

డిగ్రీ ఉన్నా దొరకనివి

షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరారు. ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో దిగితే కొన్నాళ్లకు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించారు. ఆఫీసులో ఫైళ్లు చేతికివ్వకుండా టేబుల్ మీదకు విసిరేవారు. కొద్ది రోజులకే బొంబాయి తిరిగి వచ్చేశారు.

1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్ అయ్యారు. విద్యార్థులు ఆయన పాఠం కోసం ఎదురుచూసేవారు. కానీ స్టాఫ్ రూమ్‌లో అందరికీ పెట్టిన కుండలోని నీళ్లు ఆయన తాగడానికి కొందరు తోటి ప్రొఫెసర్లు ఒప్పుకోలేదు. సతారా బడిలో పిల్లవాడికి ఎదురైనదే, కొలంబియాలో చదివి వచ్చిన ప్రొఫెసర్‌కూ ఎదురైంది.

జీతంలో మిగిల్చిన డబ్బు, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, ఒక మిత్రుడి దగ్గర తెచ్చిన అప్పుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. మ్యూజియం లైబ్రరీ తలుపు తెరిచింది మొదలు మూసేదాకా అక్కడే. రూపాయి సమస్య మీద రాసిన డాక్టరేట్ పరిశోధనను పరీక్షకులు మార్చి రాయమని తిప్పి పంపారు. అప్పటికి డబ్బులు అయిపోయాయి. బొంబాయి నుంచే సరిచేసి పంపి 1923లో డాక్టరేట్ పొందారు. పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట రాసిన గురువు ఎడ్విన్ క్యానన్, శిష్యుడి అభిప్రాయాలు కొన్నింటితో తాను ఏకీభవించనని అందులోనే రాశారు. అలా రాయగలిగిన గురువు, తట్టుకోగలిగిన శిష్యుడు. టీచర్‌గా నాకు ఇది బాగా నచ్చింది.

ఆ పుస్తకం రూపాయి చరిత్ర చెబుతూనే, రూపాయి విలువ పడిపోతే ధరలు పెరిగి ఎవరి సంచి ఖాళీ అవుతుందో చర్చిస్తుంది. తర్వాత కరెన్సీపై వేసిన రాయల్ కమిషన్ ముందు ఆయన సాక్ష్యం కూడా ఇచ్చారు. ఆ కమిషన్ చేసిన సిఫార్సుల ఫలితంగానే 1935లో రిజర్వు బ్యాంకు వచ్చింది.

ఆరోగ్యం పాఠం ఇంట్లో

ఆరోగ్యం మాత్రం ఆయన క్లాసులో చదవలేదు. ఆయనకు, రమాబాయికి పుట్టిన ఐదుగురు పిల్లల్లో నలుగురు పసితనంలోనే పోయారు. 1926లో చివరి పిల్లవాడు రాజరత్న పోయినప్పుడు ఆయన చాలా రోజులు కోలుకోలేకపోయారు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. ఎకనామిక్స్‌లో పెద్ద పట్టాలు ఉన్న మనిషి ఇంట్లో పేదరికం, జబ్బు చేసిన పని ఇది. 1935లో రమాబాయి కూడా అనారోగ్యంతో పోయారు.

ఆ తర్వాత ఆయన చేసిన పనులు చూడండి. చదివినవీ అనుభవించినవీ అన్నీ ఒకచోట కలుస్తాయి.

1927లో మహద్‌లో చవదార్ చెరువు దగ్గరకు వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. కేసు కోర్టుకెక్కింది. ఆ నీటిని కొందరు ముట్టకూడదన్నది అనాదిగా వస్తున్న ఆచారమని అవతలివారి వాదన. నిజంగా అనాది నుంచి ఉందా? అది చరిత్ర ప్రశ్న. రుజువు లేదని 1937లో బొంబాయి హైకోర్టు తేల్చింది. తాగునీటి హక్కు ఒక చరిత్ర ప్రశ్న మీద నిలబడింది.

1928లో బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి సాయం బిల్లు వచ్చింది. ఆయన గట్టిగా సమర్థించారు. ప్రసవం ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వం భాగం పంచుకోవాలి, ఆమె పనితో లాభపడే యజమాని కూడా భరించాలి అన్నది ఆయన వాదన. తల్లి ఆరోగ్యాన్ని ఆయన లెక్కల పుస్తకంలోకి తెచ్చారు. మరుసటి ఏడాది అది చట్టమైంది. మీలో ఉద్యోగం చేసే అమ్మలు ఎవరైనా మెటర్నిటీ లీవు తీసుకుని ఉంటే, ఈ కథలో మీ పేజీ కూడా ఉంది.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే చట్టం ఆ కాలపు ప్రయత్నమే. కార్మికుల ఆరోగ్య బీమాపై ప్రొఫెసర్ అదార్కర్ నివేదిక 1944లో ఆయన శాఖకే అందింది. దాని ఆధారంగా 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. రాజ్యాంగ రచన గురించి మీకు తెలిసిందే.

మన ప్రాంతంతోనూ ఆయనకు సంబంధం ఉంది. 1950లో ఔరంగాబాద్‌లో ఆయన విద్యాసంస్థ కాలేజీ పెట్టినప్పుడు ఆ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. 1953లో ఉస్మానియా యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అప్పటికే షుగర్ జబ్బు ఆయనను బాగా లొంగదీసింది. చదవడం, రాయడం మాత్రం ఆపలేదు. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో నిద్రలోనే కన్నుమూశారు.

ఆ తండ్రికి నా జవాబు

హిస్టరీ, ఎకనామిక్స్ చదివితే ఏమవుతారని అడిగారు కదా సార్. అందరూ అంబేద్కర్ అవుతారని నేను చెప్పను. ఎంపీసీ, బైపీసీ వద్దని కూడా చెప్పను. ఆ లెక్కలూ సైన్సూ ఇష్టంగా చదివే పిల్లలు మన బడిలో చాలామంది ఉన్నారు.

కానీ మీ అమ్మాయి మొన్న క్లాసులో ఒక ప్రశ్న అడిగింది. కాలనీ పక్కనే అంత పెద్ద చెరువు ఉండగా, ఎండాకాలం వస్తే ట్యాంకరు నీళ్లు ఎందుకు కొంటున్నామని. ఆ చెరువు ఎవరు తవ్వించారో, ఎప్పుడు పాడైందో హిస్టరీ చెప్పాలి. ఆ నీళ్లు తాగితే ఏ జబ్బులు వస్తాయో ఆరోగ్యశాస్త్రం చెప్పాలి. ట్యాంకరు రేటు ఏప్రిల్‌లో ఎందుకు పెరుగుతుందో ఎకనామిక్స్ చెప్పాలి. నేను నాకు తెలిసింది చెప్పాను, ఆమెకు సరిపోలేదు. రెండో రోజు మళ్లీ వచ్చి అడిగింది.

రామ్‌జీ తన కొడుకు ఏమవుతాడో తెలిసి పుస్తకాలు కొనలేదు. కొడుకు అడుగుతున్నాడు కాబట్టి కొన్నారు. ఈ నెల అడ్మిషన్ ఫారం నింపే ముందు ఒక్క సాయంత్రం ఫోన్లు పక్కన పెట్టి మీ పిల్లలతో కూర్చోండి. ఏ గ్రూపు కావాలని అడక్కండి. ఏ విషయం గురించి వాళ్లకు ఇంకా తెలుసుకోవాలని ఉందో అడగండి. వాళ్లు చెప్పిందాన్ని రాసిపెట్టుకోండి. ఫారం తర్వాత నింపవచ్చు.

వచ్చే మీటింగ్‌లో ఆ కాగితం తీసుకురండి. ఈసారి లైను ఎంత పొడవున్నా కూర్చుని మాట్లాడతాను.

మీ సోషల్ టీచర్