బడిపంతులు గిడుగు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక మంచి ఉపాధ్యాయుడి గురించి రాయమన్నారు సంపాదకులు. వెంటనే గుర్తొచ్చిన పేరు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపి ఆయన పటానికి దండ వేస్తాం. వాడుక భాషోద్యమ పితామహుడంటూ నాలుగు మాటలు చెబుతాం. ఆయన మూడు దశాబ్దాలు బడిలో పాఠాలు చెప్పిన మాస్టారన్న సంగతి మాత్రం ఆ దండల చాటున ఉండిపోతుంది. నేనూ తెలుగు మాస్టారుగానే పదవీ విరమణ చేశాను. ఇప్పుడు ఉపాధ్యాయ శిక్షణ తరగతులకు వెళ్లి వస్తున్నాను. అందుకే కాబోలు, ఆయనలో నాకు ముందుగా కనిపించేది ఆ బడిపంతులే.

ఆయన 1863 ఆగస్టు 29న, ముఖలింగ క్షేత్రానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. విజయనగరంలో మేనత్త ఇంట్లో ఉండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. బి.ఎ. ఉద్యోగం చేస్తూ ప్రైవేటుగా చదివి పూర్తిచేసిందే.

ఆయనకు అప్పగించింది చరిత్ర పాఠం. రాజుల పేర్లూ తేదీలూ వల్లె వేయించి ఊరుకుంటే ఎవరూ కాదనేవారు కాదు. ఆయన ముఖలింగం గుడికి వెళ్లి, అక్కడి శాసనాల కోసం పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని ఆ శాసనాల ఆధారంగా నిరూపించడానికి పూనుకున్నారు. ఆధారం చూడాలి, ప్రశ్నించాలి, సొంతంగా తేల్చుకోవాలి అని ఈనాడు శిక్షణల్లో మనం చెప్పుకునే నైపుణ్యాలు ఇవే కదా! పిల్లలకు చెప్పే ముందు వాటిని ఆయన తనకు తాను నేర్పుకున్నారు.

పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలన్న ఆలోచన రాగానే ఒక ప్రశ్న ఎదురైంది. ఏ భాషలో చెప్పాలి? పిల్లవాడు తెలుగో ఒడియానో నేర్చుకుని వచ్చాక చెబుదాంలే అనుకోవడం తేలిక. ఆయన తానే సవర నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు. సవర తెలిసిన ఒకరిని ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారుచేశారు, కథలూ పాటలూ పోగుచేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల బడులకే పెట్టమని కోరారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. మాటల్లోని ధ్వనుల్ని వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకంటే పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆయన బడి నుంచి విశ్రాంతి తీసుకున్నది 1911లో!

తెలుగు బోధన సంగతి ఆయన ముందుకు వచ్చింది 1907 ప్రాంతంలో. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు. జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తరాంధ్ర జిల్లాల్లో పాఠశాలల పర్యవేక్షకుడిగా ఉండేవారు. తెలుగువాళ్లు మాట్లాడే భాష ఒకటి, బడిలో పుస్తకాల భాష ఒకటి ఎందుకున్నాయని ఆయనకు సందేహం వచ్చింది. విశాఖలో ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఆ ప్రశ్న మీద పనిచేశారు. గిడుగువారు హెన్రీ స్వీట్ వంటి ఇంగ్లీషు భాషావేత్తల పుస్తకాలు చదివారు. మన కావ్యాలనూ శాసనాలనూ కొత్త కళ్లతో తిరగేశారు. ఆయన తేల్చింది క్లుప్తంగా ఇదీ: పిల్లవాడి నోట్లో ఉన్న భాషతో చదువు మొదలు కావాలి. వాడికి రాని పాత రూపాల్లో రాయమంటే ఆలోచన పక్కకు పోతుంది, తప్పుల భయమే మిగులుతుంది. గ్రాంథికాన్ని సమర్థించే పండితులు సైతం దాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల రాతల నుంచే ఉదాహరణలు తీసి చూపించారు.

స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం ఆధునిక భాషలోనూ రాయవచ్చని 1912–13లో అనుమతి దొరికింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి పండితులు గట్టిగా వ్యతిరేకించారు. ప్రభుత్వం 1915లో ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది గురజాడ కన్నుమూశారు. మరొకరైతే అక్కడితో చాలించేవారు. గిడుగువారు ఊరూరా తిరిగి సభల్లో వాదించారు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. పర్లాకిమిడి 1936లో ఒడిశా రాష్ట్రంలో చేరినప్పుడు, అన్నేళ్లు బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలు వాడుక భాషలోకి పూర్తిగా మారడం ఆయన చూడలేదు. ఆయన సవర పని ఫలించడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలైంది.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, శిక్షణ తరగతుల్లో నేను చూస్తున్నది చెప్పాలి. గోడకు తెర వచ్చింది, పిల్లల చేతికి ట్యాబు వచ్చింది. ప్రాజెక్టులు, బృంద చర్చలు, విమర్శనాత్మక ఆలోచన అనే మాటలు అందరికీ కంఠస్థం. అయినా చాలా గదుల్లో పిల్లలు నోరు విప్పరు. నోరు విప్పని చోట ఏ నైపుణ్యమూ మొలకెత్తదు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల, కోయ మాట్లాడే పిల్లవాడు, మన ఊరి యాసే వచ్చిన పిల్లలు తమ మాట తప్పేమోనని తల దించుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియం గదుల్లో ఆ మౌనం ఇంకా ఎక్కువ.

మన బడిలో పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. కొత్త పాఠం తెరిచే ముందు అయిదు నిమిషాలు పిల్లల్ని వాళ్ల మాటల్లో మాట్లాడనివ్వండి. వాళ్లు చెప్పిన మాటల్నే బోర్డు మీద రాసి, అక్కడి నుంచి పుస్తకంలోకి తీసుకెళ్లండి. తెలియని మాట వినిపిస్తే దాని అర్థం ఆ పిల్లవాడినే అడగండి. పంతులు తన దగ్గర నేర్చుకుంటున్నాడని తెలిసిన పిల్లవాడు తరగతిలో భయపడడు. పూర్వ విద్యార్థులుగా మనం బడికి కంప్యూటర్లు ఇవ్వగలం, గదులు కట్టించగలం. ఈ అయిదు నిమిషాలు ఇవ్వగలిగింది మాత్రం మీరే.