మెదకు గుడి కట్టించిన పాస్నెట్ దొరగారు

ధ్యాన భాగము: హగ్గయి 1:1–8



హగ్గయి ప్రవక్త దినములలో యూదులు చెరనుండి తిరిగి వచ్చి తమ తమ ఇండ్లు చక్కగా కట్టుకొనిరి. దేవుని మందిరము మాత్రము పాడుబడి యుండెను. దానిని కట్టుటకు తగిన కాలము ఇంకను రాలేదని వారు తమకు తామే చెప్పుకొనుచుండిరి. అప్పుడు ప్రవక్త వచ్చి వారి మనస్సాక్షిని తట్టి లేపెను.

ఈ ప్రవక్త మాట ఒక్క మనుష్యుని హృదయములో నాటుకొనిన యెడల ఏమి జరుగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల నుండి క్రిస్మసుకు మెదకు వెళ్లి వచ్చువారు దానిని కన్నులార చూచియే యున్నారు. ఆ గుడి కట్టించిన పాస్నెట్ దొరగారి జీవితమును ఈ నెల మేము సంఘము ముందుంచుచున్నాము.

చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు ఇంగ్లండు దేశస్థులు. 1870లో జన్మించిరి. వెస్లియన్ మెథడిస్టు మిషను సేవకులుగా 1895లో సికింద్రాబాదు చేరిరి. మొదట తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య పని చేసిరి. అక్కడ తన భాష మాటలాడు జనము, తన దేశపు అలవాట్లు, అన్నియు ఉండెను. అయినను ఆయన మనస్సు అక్కడ నిలువలేదు. అది పల్లెల వైపు లాగుచుండెను. మరుసటి యేడు, అనగా 1896లో, ఆయన మెదకు వచ్చిరి.

ఆ దినములలో మెదకుకు రైలు లేదు. హైదరాబాదు నుండి సుమారు 60 మైళ్లు. రెండు దినముల ప్రయాణము. దొరగారు గుర్రము మీద తిరిగెడివారు. మెదకులో అప్పుడున్న క్రైస్తవులు సుమారు 200 మంది మాత్రమే అందురు. నిజాము రాజ్యములో మాల మాదిగల బ్రదుకు ఎట్టిదో మన తాతలు చెప్పగా వినియున్నాము. ఊరి బావిలో చేద వేయనియ్యరు. గుడి గడప త్రొక్కనియ్యరు. పిలిచినప్పుడు పోయి వెట్టి చేయవలసినదే. అట్టి వాడలకు పాస్నెట్ గారు నడచి పోయి, వారి మధ్య కూర్చుండిరి. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్ గారు కూడ వచ్చి స్త్రీల మధ్యను రోగుల మధ్యను సేవ చేసిరి. పల్లెలకు బోధకులు కావలెనని మెదకులో వారికి తర్ఫీదు ఇచ్చిరి. బోధకునితో పాటు అతని భార్యకు కూడ చదువు చెప్పుట అక్కడి పద్ధతి.

ఇక గుడి సంగతి. దొరగారికి మిషను కాంపౌండులో మేడ బంగళా యుండెను. సంఘము ఆరాధించు స్థలము మాత్రము మట్టిగోడలు, గడ్డి కప్పు గల చిన్న ఇల్లు. తాను మేడలో నుండగా దేవుని ఇల్లు గుడిసెగా నుండుట ఆయనకు సిగ్గుగా తోచెనని పెద్దలు చెప్పుదురు. దేవదారు ఇంటిలో నివసించుచు, దేవుని మందసము డేరాలో నున్నదని దావీదు రాజు బాధపడలేదా? (2 సమూయేలు 7). ఆ భారముతోనే పాస్నెట్ గారు 1914లో పని ఆరంభించిరి.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. అంబలికి లేని జనము మధ్య అంత పెద్ద గుడి ఎందుకు? ఆ సొమ్ము బీదలకు పంచరాదా? బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు కూడ ఈ ప్రశ్నయే వచ్చెను (యోహాను 12). దీనికి జవాబు ఆ గుడి గోడలలోనే యున్నది. కరవు కాలములో ఆ కట్టుబడి పనియే జనమునకు కూలి, కూడు అయ్యెనని మన పెద్దలు చెప్పుకొందురు. రాయి మోసినవాడు చేయి చాచి భిక్ష మడుగలేదు. పని చేసి తన పిల్లలకు అన్నము పెట్టెను. ఏ గుడి గడపయు త్రొక్కనియ్యని జనము తమ చేతులతో ఒక గుడి కట్టి, దానిలో తామే కూర్చుండిరి. ఇది కూలి కంటె గొప్ప సంగతి.

ఆ మిషను గుడి ఒక్కటే కట్టలేదు. మన కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు త్రోవలో నున్న డిచ్‌పల్లిలో, 1915లో, డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి పని ఆరంభించిరి. దానికి సహాయము చేసిన రాజా నర్సాగౌడు గారు హిందువులు. ఒకచోట రాతి గుడి లేచుచుండగా, మరియొకచోట ఊరు వెలివేసిన దేహములకు కట్లు కట్టబడుచుండెను.

పది యేండ్లు పని సాగెను. ఎల్లారెడ్డి చెంత మంజీర మీద నిజాంసాగరు కట్ట 1923లో మొదలైన మరుసటి యేడే, 1924 డిసెంబరు 25న, మెదకు గుడి ప్రతిష్ఠింపబడెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము 175 అడుగులు. సుమారు 5,000 మంది పట్టుదురు. నేల మీది రంగు పలకలు సముద్రము దాటి వచ్చినవి.

మెథడిస్టు వారికి అప్పుడు బిషపులు లేరు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికను, మెథడిస్టు, ప్రెస్బిటేరియను, కాంగ్రిగేషనలు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు, మెదకు ఒక డయాసిసు ఆయెను. ఫ్రాంక్ విట్టేకర్ గారు మొదటి బిషపు. పాస్నెట్ గారి గుడి కెథీడ్రలు ఆయెను. 1950లో పాస్నెట్ గారు ప్రభువునందు నిద్రించిరి. గుడిలోని మూడు పెద్ద అద్దాల కిటికీలలో ఆరోహణపు కిటికీ 1927లోను, జననపు కిటికీ 1947లోను అమర్చబడెను. సిలువ కిటికీ 1958లో వచ్చెను. దానిని ఆయన చూడలేదు. విత్తువాడొకడు, కోయువాడొకడు.

ఆ అద్దములలో ఒక పాఠము కలదు. ఎండ బయటనుండి పడినంతసేపే ఆ బొమ్మలు కనబడును. ప్రొద్దు గ్రుంకగానే నల్లబడును. వాటికి సొంత వెలుగు లేదు. మనకును లేదు.

సంఘస్థులారా, 2024లో ఆ గుడికి నూరేండ్లు నిండెను. మనము దానిని చూచి ఆనందించుట మంచిదే. అయితే ఇంటికి తిరిగి వచ్చి మన పల్లె గుడిని కూడ చూడవలెను. మన ఇండ్లకు స్లాబు పడినది. ప్రార్థన ఇంటి కప్పు కురియుచున్నదా? మన పిల్లల పెండ్లికి అప్పు పుట్టును. దేవుని పనికి మాత్రము కాలము రాలేదా? మరియొక మాట. ఊరు త్రోసివేసిన వారితో కట్టబడిన సంఘములో, మాల వారు ఒక వైపు, మాదిగ వారు ఒక వైపు అను భేదము కొన్నిచోట్ల ఇంకను నిలిచియున్నది. రాళ్లు విడివిడిగా పడియున్నంతవరకు అవి కుప్పయే గాని గుడి కాదు. సజీవమైన రాళ్లుగా మనలను కూర్చి కట్టువాడు ప్రభువే (1 పేతురు 2). ఆయన చేతికి మనలను మనము అప్పగించుకొందుము గాక. ఆమేన్.