కరెంటు చదువుకు తలుపు తెరిచిన తెలుగు ఆడపడుచు

చందూర్ (మన విలేకరి నుంచి): వరి పొట్టకొచ్చిన వేళ ట్రాన్స్‌ఫార్మరు కాలిందంటే ఊరు ఊరంతా సబ్‌స్టేషను దారి పడుతుంది. కరెంటు వచ్చేదాకా రైతుకు నిద్ర ఉండదు. మనకు తెలిసినవి మోటారు, స్టార్టరు, ఫ్యూజు, స్తంభం, తీగ. ఆ తీగ ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో, సబ్‌స్టేషనులో ఏ సామాను ఎక్కడ ఉండాలో ముందుగా కాగితం మీద లెక్క కట్టి గీసే ఇంజనీరు మన కంటికి కనబడడు. ఆ పని నేర్చి, ఆ పనిలోనే దాదాపు ముప్పై ఏళ్ళు గడిపిన తొలి భారతీయ మహిళ మన తెలుగింటి బిడ్డ. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. దేశంలో మొదటి మహిళా ఇంజనీరుగా పేరు పొందిన ఈమె కథ పల్లెల్లో చాలామందికి తెలియదు. ఇంటర్మీడియెట్ ఫలితాలు రాగానే ఆడపిల్లను పై చదువుకు పంపాలా, పెళ్ళి చేయాలా అన్న మాట ప్రతి ఇంటా వినబడుతుంది. అందుకే ఈ జీవితం మన పాఠకులు తెలుసుకోవలసినది.

పదిహేనేళ్ళకు పెళ్ళి

లలిత 1919 ఆగస్టు 27న మదరాసులో జన్మించారు. అప్పట్లో ఆంధ్ర జిల్లాలకు కూడా మదరాసే రాజధాని. ఆమె తండ్రి పప్పు సుబ్బారావు. గిండీ ఇంజనీరింగు కాలేజీలో విద్యుత్ శాఖ ఆచార్యులు. ఏడుగురు సంతానంలో లలిత ఐదవవారు. అన్నదమ్ములు ఇంజనీరింగు చదివారు. ఆడపిల్లలకు మాత్రం ఆనాటి ఆచారం ప్రకారం కొంత చదువు, ఆ వెంటనే పెళ్ళి.

లలితకు 1934లో, పదిహేనేళ్ళ వయసులో వివాహమైంది. బాల్య వివాహాలను అరికట్టేందుకు వచ్చిన శారదా చట్టం అప్పటికి నాలుగేళ్ళ క్రితమే అమలులోకి వచ్చింది. అయితే ఆ చట్టం ఆడపిల్లకు పెట్టిన వయసు పద్నాలుగేళ్ళే. కనుక ఆ పెళ్ళిని తప్పుపట్టిన వారెవరూ లేరు. అయినా సుబ్బారావు ఒక సంగతిలో పట్టుదలగా ఉన్నారు. పెళ్ళయినా కూతురి చదువు ఆగరాదని పదో తరగతి దాకా చదివించారు.

1937లో పడిన పిడుగు

మన బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పిన సంవత్సరం 1937. చెరకు బండ్ల బాటలు శక్కర్‌నగర్ వైపు తిరగడానికి పునాది పడిన ఆ ఏడే లలిత భర్త కన్నుమూశారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు. ఒడిలో నాలుగు నెలల ఆడపిల్ల.

ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళలో వితంతువు బతుకు ఎలా ఉండేదో మన పెద్దలకు తెలుసు. శుభకార్యానికి పిలుపు ఉండదు. మంచి బట్ట కట్టరాదు. ఎదురు వస్తే అపశకునం అనేవారు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. అప్పటికి యాభై ఆరేళ్ళు గడిచినా, చిన్న వయసులో భర్త పోయిన స్త్రీకి ఇంటి మూల తప్ప వేరే చోటు దొరకడం అరుదుగానే ఉండేది.

లలిత పుట్టింటికి చేరారు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఒకరి మీద ఆధారపడి బతకకూడదని, తన బిడ్డను తన సంపాదనతోనే పెంచాలని నిశ్చయించుకున్నారు. మదరాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియెట్ మొదటి శ్రేణిలో పూర్తి చేశారు.

తర్వాత ఏం చదవాలి? ఆ కాలంలో చదువుకున్న ఆడవారికి తెరిచి ఉన్న దారులు రెండే. ఒకటి పంతులమ్మ ఉద్యోగం, రెండు వైద్యం. వైద్యం మంచిదే. కాని డాక్టరుకు అర్ధరాత్రి పిలుపు వస్తుంది. చంటిపిల్లను వదిలి పరుగెత్తాలి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే పని కావాలని ఆమె ఆలోచించారు. ఇంట్లో తండ్రి, అన్నదమ్ములు అందరిదీ ఇంజనీరింగే. ఆమె మనసు కూడా అటే మొగ్గింది. పేరు కోసమో పట్టుదల కోసమో కాదు, తల్లిగా లెక్క వేసుకుని ఎంచుకున్న చదువు అది. ఈ సంగతి ముఖ్యంగా గమనించదగినది.

మగపిల్లల కాలేజీలో ఒక్కతే

గిండీ కాలేజీ చిన్నదేమీ కాదు. 1794లో సర్వే బడిగా మొదలై పెరిగిన సంస్థ. అంత పాత కాలేజీలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల కూడా ఇంజనీరింగు చదవలేదు. సుబ్బారావు తన కూతురి కోసం అధికారులను కలిశారు. అప్పటి ప్రిన్సిపాలు కె. సి. చాకో ఒప్పుకున్నారు. విద్యాశాఖ డైరెక్టరు ఆర్. ఎం. స్టాథం అనుమతి ఇచ్చారు. 1940లో లలిత విద్యుత్ ఇంజనీరింగు తరగతిలో కూర్చున్నారు.

అంతమంది మగపిల్లల నడుమ ఒక్క ఆడపిల్ల, అందులోనూ వితంతువు. జనం ముక్కున వేలేసుకునే విషయమే. ఆమెకు హాస్టలులో వసతి ఇచ్చారు. పాప బంధువుల ఇంట పెరిగింది. సెలవు దినాల్లో తల్లి వెళ్ళి చూసి వచ్చేవారు. తోటి విద్యార్థులు ఇబ్బంది పెట్టలేదు. ఆమెను బాధించింది ఒంటరితనమే. తరగతి అయ్యాక మాట కలిపేందుకు మరో ఆడపిల్ల లేదు.

దీనికి కాలేజీ చేసిన పని మెచ్చదగినది. ఆడపిల్లలకు కూడా ప్రవేశం ఉందని ప్రకటన ఇచ్చింది. పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి అనే ఇద్దరు సివిల్ ఇంజనీరింగులో చేరారు. వారు లలితకంటే ఒక ఏడు వెనుక. కాని రెండవ ప్రపంచ యుద్ధం వల్ల చదువు కాలం కుదించడంతో ముగ్గురూ ఒకేసారి బయటికి వచ్చారు. ఆ త్రేసియాయే 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యారు. దేశంలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. ఒక పిల్ల కోసం తీసిన తలుపు ఎంతమందికి దారి ఇస్తుందో దీనిని బట్టి తెలుస్తుంది.

1943లో లలిత చదువు పూర్తయింది. పట్టా ఇచ్చే వేళ ఒక చిక్కు వచ్చింది. అచ్చు వేసిన కాగితంలో అభ్యర్థిని గురించి మగవాడన్నట్టే రాసి ఉంది. స్త్రీ వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి. ఆ మాట కొట్టివేసి, పైన స్త్రీని సూచించే మాట చేత్తో రాసి ఇచ్చారు. చిన్న కలం గీత అది. నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉన్న చోట మొదటిసారి పడిన గీత.

జమాల్‌పూర్ నుంచి కలకత్తా దాకా

పట్టా తర్వాత బీహారులోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఒక సంవత్సరం పని నేర్చుకున్నారు. 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణాల సంస్థలో ఇంజనీరింగు అసిస్టెంటుగా చేరారు. 1946 చివరిదాకా అక్కడ పనిచేశారు. తర్వాత కొంతకాలం తండ్రికి పరిశోధనల్లో తోడుగా ఉన్నారు. కరెంటుతో పలికే వాద్యం, పొగరాని పొయ్యి వంటి వాటి మీద ఆయన ప్రయోగాలు చేసేవారు. కాని వాటితో ఇల్లు గడవదు. బిడ్డ చదువు ముందుంది.

1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిష్ కంపెనీలో చేరారు. కలకత్తాలో సోదరుడి కుటుంబం ఉంది. ఆమె ఆఫీసుకు వెళితే పిల్లను చూసుకునే ఇల్లు దొరికింది. అక్కడే 1977లో పదవీ విరమణ దాకా ఉన్నారు. మధ్యలో కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ చేతికి మారినా ఆమె పని మారలేదు.

ఆ పని ఏమిటో మన రైతులకు తేలికగానే అర్థమవుతుంది. కరెంటు పుట్టే చోటు ఎక్కడో, వాడే చోటు ఎక్కడో. తక్కువ వోల్టేజీతో దూరం పంపితే తీగల వేడికే చాలా భాగం వృథా అవుతుంది. అందుకే పెద్ద వోల్టేజీకి పెంచి పంపుతారు. సబ్‌స్టేషన్లలో మెట్టు మెట్టుగా దించుతారు. చివరికి పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మరు పదకొండు వేల వోల్టులను మోటారుకు సరిపడేంతకు తగ్గిస్తుంది. గాలివానకు తీగ తెగినా, తీగలు కలిసినా, ఆ సంగతి పసిగట్టి క్షణంలో లైను కట్టేసే రక్షణ పరికరాలు ఉండాలి. లేకుంటే సామానూ పోతుంది, ప్రాణమూ పోతుంది. లలిత చేసినవి ఈ పనులే. విద్యుత్ లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల నమూనాలు, రక్షణ పరికరాల లెక్కలు. పంజాబు రైతుకు నీరు, వెలుగు ఇచ్చిన భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్లకు సంబంధించిన పనిలోనూ ఆమె చేయి ఉంది. భాక్రా ఆనకట్టను నెహ్రూ 1963లో జాతికి అంకితం చేశారు.

అయితే ఒక మాట దాచరాదు. ఆమె పని ఎక్కువగా బల్ల దగ్గరే సాగింది. తాను గీసిన సబ్‌స్టేషన్లు లేచే చోట్లకు ఊరూరా తిరిగే వీలు ఆమెకు దొరకలేదు. చిన్న వయసు వితంతువు ఒంటరిగా దూర ప్రయాణాలు చేయడం అప్పటి సంఘానికి నచ్చేది కాదు. చదువు తలుపు తెరుచుకున్నా, సంఘం గడప దాటడం ఇంకా మిగిలే ఉండింది.

విదేశాల్లో మన దేశం పేరు

లండన్‌లోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా ఎన్నుకుంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగింది. మన దేశంలో మహిళా ఇంజనీర్లకు అప్పటికి సంఘమే లేదు. కనుక లలిత సొంత హోదాలోనే వెళ్ళారు. మరుసటి ఏడు లండన్‌లోని మహిళా ఇంజనీర్ల సంఘంలో సభ్యురాలయ్యారు. 1967లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జరిగిన రెండవ సమావేశానికి భారతదేశం తరఫున ప్రతినిధిగా పనిచేశారు. మొదటిసారి ఒంటరిగా వెళ్ళిన ఆమె, రెండవసారి మన దేశం నుంచి మరో ఐదుగురు మహిళా ఇంజనీర్లు పాల్గొనేలా చూశారు. గిండీలో పడిన ఒంటరితనం ఆమె మరచిపోలేదని అనుకోవచ్చు.

ఉద్యోగం విడిచిన రెండేళ్ళకే, 1979 అక్టోబరు 12న, అరవయ్యేళ్ళ వయసులో లలిత కన్నుమూశారు.

మన ఇంటి గడప దగ్గర

ఆమెకు ఉన్న వసతి అందరికీ ఉండదు. తండ్రి అదే కాలేజీలో ఆచార్యులు. కూలి చేసుకునే తండ్రికి ప్రిన్సిపాలు గదిలోకి వెళ్ళడమే కష్టం. నిజమే. అయితే ఆ రోజు సుబ్బారావు ఎవరెవరినో కలిసి సాధించిన అనుమతిని, ఈ రోజు ఏ తండ్రీ అడగనక్కరలేదు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వస్తే సీటు వస్తుంది. మనకు గోదావరి అవతలే ఉన్న బాసరలో 2008లో ట్రిపుల్ ఐటీ నెలకొల్పారు. సర్కారు బడిలో పదో తరగతి చదివిన పల్లె పిల్లలు అక్కడే హాస్టలులో ఉండి ఆరేళ్ళలో ఇంజనీర్లు కావచ్చు. అందులో ఆడపిల్లలకూ చోటుంది.

మరి ఇప్పుడు అడ్డం ఏమిటి? ఈ విలేకరి రచ్చబండ దగ్గర, బస్సులో, మిల్లు దగ్గర వినే మాటలు కొన్ని ఉన్నాయి. దూరం పంపితే ఎలా, హాస్టలులో ఎవరు చూస్తారు, చదువు ముదిరితే తగిన సంబంధం దొరకదు, ఎలాగూ అత్తగారింటికి పోయే పిల్లే కదా. కొడుకు కోసం ఎకరం అమ్మడానికి వెనుకాడని ఇల్లు, కూతురి దగ్గరికి వచ్చేసరికి బస్సు పాసు ఖర్చు కూడా లెక్క వేస్తుంది. పెళ్ళి కోసం మాత్రం అప్పు పుడుతుంది.

లలిత జీవితం చూస్తే ఆమె తెలివి ఒక్కటే ఆమెను ఇంజనీరును చేయలేదు. తండ్రి సంఘానికి జడవలేదు. ఒక ప్రిన్సిపాలు సరేనన్నాడు. సోదరుల ఇళ్ళలో ఆమె పాపను తమ పిల్లలతో సమానంగా పెంచారు. వారిలో ఏ ఒక్కరు కాదన్నా, ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల వంటింటి మూలనే మిగిలిపోయేది. భాక్రా పనిలో ఒక మంచి బుర్ర తక్కువయ్యేది. ఎవరికీ ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

మన ఊళ్ళలో ఇప్పటికే అలా మిగిలిపోయిన వారు ఎందరో లెక్క ఎక్కడా లేదు. ఈ ఏడు ఇంటర్మీడియెట్ ఫలితాలు వచ్చిన రోజు, కూతురి మార్కుల కాగితం చేతిలో పట్టుకుని ఏ ఇంటి పెద్ద అయినా ఆలోచనలో పడితే, ఆ మదరాసు ఆచార్యుణ్ణి ఒకసారి తలచుకుంటే చాలు. ఆయన ముందు ఉన్నది అంతకంటే పెద్ద కష్టం. ఆయన కూతురి పక్షాన నిలిచారు.