సీటు వదలని లెఫ్టినెంటు

నలభై ఏళ్లకు దగ్గరగా ఫైళ్లతో గడిపినవాణ్ణి. ఎవరి జీవితచరిత్ర చదివినా అందులో ఛార్జి మెమో, ఎంక్వయిరీ, తీర్పు ఉంటే నా చూపు అక్కడే ఆగిపోతుంది. అమెరికా బేస్‌బాల్ వీరుడు జాకీ రాబిన్సన్ కథ నన్ను అలాగే ఆపింది. ఆయన ఆట గురించి చాలామంది వ్రాశారు. నేను వ్రాసేది ఆయన ఎదుర్కొన్న కేసు గురించి.

రాబిన్సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రంలో ఒక నల్లజాతి పాలికాపు ఇంట పుట్టాడు. తండ్రి ఇల్లు విడిచిపోగా, తల్లి అయిదుగురు పిల్లలతో కాలిఫోర్నియా చేరి, ఇళ్లలో పనిచేసి వారిని పెంచింది. కాలేజీలో ఆయన నాలుగు ఆటల్లో మేటి. 1942లో సైన్యంలోకి పిలుపు వచ్చింది. 1943లో సెకండ్ లెఫ్టినెంటు అయ్యాడు. తర్వాత టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్‌లో, నల్లవారితో ఏర్పడిన 761వ ట్యాంకు బెటాలియన్‌లో చేరాడు.

సైనిక స్థావరంలో మిలిటరీ పోలీసులంటే అందరికీ తెలిసినవారే. చేతికి ఎం.పి. అక్షరాల పట్టీ కట్టుకుని గేటు దగ్గర పాసులు చూస్తారు, క్రమశిక్షణ తప్పినవారిని పట్టుకుంటారు. సిపాయికి వారితో రోజూ పని పడుతుంది. నల్ల సిపాయికి మాత్రం బస్సు ఎక్కడం కూడా వారిదాకా వెళ్లే వ్యవహారం కావచ్చు.

1944 జూలై 6 రాత్రి రాబిన్సన్ స్థావరం బస్సులో, తోటి అధికారి భార్య పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లకు పొమ్మన్నాడు డ్రైవరు. సైన్యం బస్సుల్లో ఆ తేడా ఇక చెల్లదని ఎరిగిన రాబిన్సన్ కదలలేదు. బస్సు చివరి స్టాపు చేరగానే ఎం.పి.లను పిలిపించారు. వచ్చినవారు మర్యాదగానే తమ ఆఫీసుకు రమ్మన్నారు, ఆయన వెళ్లాడు. అక్కడ ఒక మామూలు సిపాయి, ఆఫీసరన్న గౌరవమైనా లేకుండా, జాతిని కించపరిచే మాట వాడాడు. రాబిన్సన్ సహించలేదు. వాఙ్మూలం తీసుకున్న తీరు మీద కూడా అక్కడి కెప్టెనుతో వాదన పెరిగింది.

ఇక మన బోటివాళ్లకు బాగా తెలిసిన సంగతి జరిగింది. బస్సు గొడవ పక్కకు పోయింది. కోర్టు మార్షల్‌లో విచారణకు మిగిలిన అభియోగాలు రెండే: పై అధికారిని అగౌరవపరచడం, ఆయన ఆజ్ఞ మీరడం. బెటాలియన్ అధిపతి పాల్ బేట్స్ ఆ కాగితాల మీద సంతకం చేయనన్నాడు. రాబిన్సన్‌ను వేరే బెటాలియన్‌కు బదిలీ చేసి, అక్కడి అధికారి చేత సంతకం చేయించారు!

ఆగస్టు 2న తొమ్మిదిమంది అధికారుల ఎదుట విచారణ జరిగింది. బేట్స్ వచ్చి రాబిన్సన్ మంచి ఆఫీసరని సాక్ష్యమిచ్చాడు. రాబిన్సన్ తన అమ్మమ్మ బానిసగా బ్రతికిన సంగతి చెప్పి, ఆ తిట్టు తనకెందుకు గుచ్చుకుందో వివరించాడు. కోర్టు ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది.

అయినా నష్టం లేకపోలేదు. ఆయన పాత బెటాలియన్ ఆయన లేకుండానే ఐరోపా యుద్ధానికి వెళ్లింది. నవంబరులో ఆయన గౌరవప్రదంగా సైన్యం నుండి విడుదలయ్యాడు. నేరం రుజువై ఉంటే ఆ విడుదల పత్రం చేతికి వచ్చేది కాదేమో.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో దిగి, ఆ శతాబ్దంలో మేజర్ లీగ్ ఆడిన తొలి నల్లవాడయ్యాడు. ప్రేక్షకుల తిట్లకు ఎదురు చెప్పనని జట్టు యజమానికి మాటిచ్చి నిలబెట్టుకున్నాడు. ఆ ఓర్పును లోకం పొగిడింది. నాకు మాత్రం అంతకు మూడేళ్ల ముందు ఓర్చుకోకపోవడమే పెద్దగా కనిపిస్తుంది. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో జాతి భేదం పనికిరాదని ఉత్తర్వు ఇచ్చాడు. రాబిన్సన్ 1972 అక్టోబరు 24న, 53 ఏళ్లకే కన్నుమూశాడు. 1997లో ఆయన 42వ నంబరును మేజర్ లీగ్ జట్లన్నీ ఆయన గౌరవార్థం పక్కన పెట్టాయి.

సర్క్యులర్ ఫైలులో ఉన్నంత మాత్రాన న్యాయం జరగదు. దాన్ని ఎరిగి నిలబడేవాడొకడు కావాలి. తప్పుడు కాగితం మీద సంతకం పెట్టనన్న బేట్స్ వంటి అధికారి కూడా కావాలి. మన మనుమలకు రాబిన్సన్ ఆటతో పాటు ఈ సంగతీ చెబుదాం.