నాడు పిచ్చివాడన్నారు.. నేడు జిల్లాకే ఆయన పేరు

నెల్లూరు: దళితుల ఉద్ధరణ కోరే నినాదాలను అట్టలపై రాసి మెడలో వేలాడదీసుకుని, చెప్పులు, గొడుగు లేకుండా మండుటెండలో నెల్లూరు వీధుల్లో తిరిగేవారాయన. చూసినవారిలో చాలామంది పిచ్చివాడన్నారు. సొంత కులస్థులే దూరం పెట్టారు. ఆయనే అమరజీవి పొట్టి శ్రీరాములు. హామీలిచ్చి జాప్యం చేసే ప్రభుత్వాలతోనూ, పట్టించుకోని జనంతోనూ జీవితాంతం పోరాడిన గాంధేయవాది.

కొలువు వీడి..
1901 మార్చి 16న మద్రాసు జార్జిటౌనులో గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు శ్రీరాములు జన్మించారు. పూర్వీకులది అప్పటి నెల్లూరు జిల్లా కనిగిరి ప్రాంతం. బోగోలు మండలంలోని తీరగ్రామం జువ్వలదిన్నె వాసులు ఆయనను తమ ఊరివాడిగానే చెప్పుకుంటారు. బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి రైల్వేలో కొలువు చేశారు. భార్యాబిడ్డలు మరణించాక ఉద్యోగం వదిలి గాంధీజీ ఆశ్రమంలో చేరారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు.

గుడి తలుపులు తెరిపించి..
నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను అనుమతించాలంటూ 1946లో నిరాహారదీక్ష చేపట్టి సాధించారు. హరిజనోద్ధరణకు వారంలో ఒకరోజు కేటాయించేలా మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వులివ్వాలని మరోసారి దీక్ష పూనారు.

నీరుగారిన హామీలు
భాషాప్రయుక్త రాష్ట్రాలకు అనుకూలమని చెబుతూ వచ్చిన కాంగ్రెస్ స్వాతంత్య్రం రాగానే వెనకడుగు వేసింది. 1948లో దార్ కమిషన్ ఆ ప్రతిపాదనను తోసిపుచ్చింది. 1949లో జేవీపీ కమిటీ మద్రాసు నగరంపై ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమని మెలిక పెట్టింది. 1951లో స్వామి సీతారాం 35 రోజులు నిరశన చేసి, వినోబా భావే విజ్ఞప్తిపై విరమించారు. ఏడాది గడిచినా రాష్ట్రం రాలేదు. ఢిల్లీ మాటపై ఉద్యమకారులకు నమ్మకం సడలింది.

58 రోజులు
ఈ పరిస్థితుల్లో 1952 అక్టోబరు 19న మద్రాసులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో శ్రీరాములు ఆమరణ దీక్షకు కూర్చున్నారు. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం ఆయన కోరిక. ఆంధ్ర కాంగ్రెస్ నాయకత్వం అండగా నిలవలేదు. ప్రధాని నెహ్రూ తొలుత తేలిగ్గా తీసుకున్నారు. ఆలస్యంగా జనంలో కదలిక వచ్చేనాటికి ఆయన శరీరం శుష్కించిపోయింది. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు.

అంతిమయాత్రకు తొలుత జనం కరవైతే గాయకులు ఘంటసాల, మోపర్రు దాసు ముందుకొచ్చి పాటలతో జనాన్ని కదిలించారని చెబుతారు. మరణవార్తతో ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి. పోలీసు కాల్పుల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. నాలుగు రోజులకే, డిసెంబరు 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మాత్రం దక్కలేదు.

2008లో జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా పేరు పెట్టారు. ఏటా జయంతి, వర్ధంతి రోజుల్లో విగ్రహాలకు పూలమాలలు పడుతున్నాయి. ఆ 58 రోజుల్లో మొదటి వారంలోనే జనం కదిలి ఉంటే, పాలకులు స్పందించి ఉంటే, ఆ ప్రాణం దక్కేదేమో. కోరిక న్యాయమైనదని తెలిసినా ఒక ప్రాణం పోయేదాకా కదలని సమాజానికి, సర్కారుకు ఆయన జీవితం నేటికీ హెచ్చరికే.